పాల సొర తింటే నిజంగా పాలు పడతాయా?

నర్సాపురం చేపల మార్కెట్లో సొర ముందు ఆగితే, అమ్మే ఆవిడ ధర చెప్పకముందే "ఇంట్లో బాలింత ఉందా అమ్మా?" అని అడుగుతుంది. ఉందంటే గంప అడుగున ఉన్న చిన్న సొరని పైకి తీస్తుంది. "ఇది పాల సొర. రెండు పూటలు పెట్టు, పిల్లకి తాగినన్ని పాలు." కోనసీమలో, లంక ఊళ్లలో, అటు యానాం, కాకినాడ దాకా ఈ మాట వినని ఇల్లు తక్కువ.

నా మొదటి కాన్పు రాజోలు దగ్గర మా పుట్టింట్లో. ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. మూడో రోజుకి కూడా పాలు పడలేదు. పిల్ల ఏడుపు, నా టెన్షన్, చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటే. మా నాన్న సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి అవతలికి వెళ్లి, మధ్యాహ్నానికి పాల సొర తెచ్చాడు. అమ్మ పిట్టు చేసింది. నాలుగో రోజు సాయంత్రానికి జాకెట్టు తడిసింది. మా ఇంట్లో ఇక దీనిమీద చర్చే లేదు. సొర పెట్టారు, పాలు పడ్డాయి.

తర్వాత చాలా కాలానికి, కాన్పుల గురించి చదువుతుంటే, ఒక చిన్న సంగతి దగ్గర ఆగిపోయాను. మాయ బయటకు వచ్చాక తల్లి ఒంట్లో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. అప్పటిదాకా అది పట్టి ఉంచిన ప్రొలాక్టిన్‌కి దారి దొరుకుతుంది. పాలు నిండుగా రావడానికి అక్కడినుంచి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. ఆపరేషన్ అయినవాళ్లకి ఇంకాస్త ఆలస్యం కావచ్చు. అంటే మా ఇంట్లో సొర వండిన రోజు, నా ఒంట్లో పాలు ఎలాగూ రావలసిన రోజు. బాలింతకి సొర పెట్టాలని అందరికీ తోచేది మూడో రోజే కదా, పాలు పడలేదన్న కంగారు మొదలయ్యేది అప్పుడే కాబట్టి. అలా ప్రతి ఇంట్లోనూ సొర తిన్న మర్నాడు పాలు పడతాయి. ప్రతి ఇల్లూ సాక్ష్యం చెబుతుంది. ఎవరూ అబద్ధం ఆడటం లేదు.

సొరని మనిషి ఆరోగ్యానికి ముడిపెట్టే నమ్మకాలు ఇదొక్కటే కాదు. క్యాన్సర్‌కి సొర మెత్తెముక పొడి, మోకాళ్ల నొప్పులకి బిళ్లలు, పిల్లల బలానికి కాలేయం నూనె. వీటిలో కొన్నిటి వెనక నిజం ముక్క ఒకటి ఉంది, కొన్నిటి వెనక అదీ లేదు. నేను చూసినంతలో, ఆ చేపలో ఏదో గుణం ఉంది, దాన్ని తింటే ఆ గుణం మనకి వస్తుంది అనుకునే చోటే ప్రతిసారీ దారి తప్పుతున్నాం. పాల సొరతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది మన సొంతం.

పాల సొర మన తీరంలో మామూలుగా మీటరు పొడవు దాటని చిన్న సొర. ఇంగ్లీషులో కూడా దీన్ని మిల్క్ షార్క్ అనే అంటారు. ఆ పేరు కూడా మన దేశపు నమ్మకం నుంచి వెళ్లిందే. ఇది గుడ్లు పెట్టదు. ఏడాది పాటు కడుపులో పిల్లల్ని మోసి కంటుంది. ఒక కాన్పులో ఒకటి నుంచి ఎనిమిది పిల్లలు. కడుపులో వాటికి మొదట గుడ్డు సొన నుంచి, తర్వాత మాయ నుంచి బొడ్డుతాడు ద్వారా తిండి అందుతుంది. చేపలు కోసే ఆడవాళ్లు తరతరాలుగా ఆ బొడ్డుతాడు కళ్లారా చూసి ఉంటారు. బొడ్డుతాడుతో పిల్లల్ని మోసే చేప బాలింతకి మేలు చేస్తుందని అనుకోవడానికి ఆ ఒక్క దృశ్యం చాలేమో. ఇది నా ఊహ మాత్రమే. సొరలకి పాలు మాత్రం ఉండవు. వాటి మాంసంలో పాలని పెంచే పదార్థం ఏదీ ఇప్పటిదాకా బయటపడలేదు.

పాలు ఎలా వస్తాయో గేదెలు కాచిన ఇళ్లల్లో వేరే చెప్పక్కర్లేదు. దూడని వదిలి నాలుగు గుటకలు తాగనిస్తే గేదె చేపుతుంది, అంటే పాలు కిందికి వదులుతుంది. కొత్త మనిషి వచ్చి అదిలిస్తే, బెదిరితే, పొదుగు నిండా పాలున్నా చేపదు. ఆ చేపుకి కారణం ఆక్సిటోసిన్ అనే హార్మోన్. ఆడమనిషిలోనూ అదే పని చేస్తుంది. బిడ్డ రొమ్ము పట్టి చీకితే ఆక్సిటోసిన్ వచ్చి ఉన్న పాలని కిందికి దింపుతుంది. అదే చీకుడికి ప్రొలాక్టిన్ వచ్చి తర్వాతి విడతకి పాలు తయారుచేయిస్తుంది. ఊటబావిలో తోడే కొద్దీ ఊరినట్టే, రొమ్ము ఖాళీ అయ్యే కొద్దీ పాలు వస్తాయి. తోడకుండా వదిలేస్తే ఊట తగ్గుతుంది. "పాలు చాలట్లేదు" అని డబ్బా పాలు మొదలుపెడితే బిడ్డ కడుపు నిండి రొమ్ము పట్టదు, పట్టకపోతే పాలు నిజంగానే తగ్గుతాయి. భయపడిన తల్లికి, నిద్రలేని తల్లికి పాలు దిగడం ఆలస్యమవుతుంది.

అందుకే సొర పిట్టుని పూర్తిగా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. కొన్ని ఇళ్లల్లో బాలింత పత్యం ఎంత కటువుగా ఉంటుందో నాకు తెలుసు. పెరుగు వద్దు, ఆకుకూర వద్దు, మంచినీళ్లు కూడా కొలిచి ఇస్తారు. భారత వైద్య పరిశోధన మండలి లెక్కలో పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకి 600 కిలోకేలరీలు అదనంగా కావాలి. వెల్లుల్లి కారంతో నాలుగు ముద్దలు తినే మనిషికి అవి ఎక్కడినుంచి వస్తాయి? అలాంటి పత్యంలో సొర పిట్టు ఒక్కటే గట్టి తిండి. వంద గ్రాముల సొరలో ఇరవై గ్రాముల పైన మాంసకృత్తులు ఉంటాయి. ఒక పూట కడుపునిండా తిని, "ఇక పడతాయిలే" అని ధైర్యంగా పడుకున్న తల్లికి పాలు దిగడం తేలికవుతుంది. అందులో మేలు చేసింది తిండి, నిద్ర, ధైర్యం. అవి మూడూ వేరే కూరతోనూ ఇవ్వొచ్చు.

పిట్టు గురించి ఒక మాట. సొరని కోస్తే ముక్కుకి ఘాటు తగులుతుంది, ఆస్పత్రి ఫినాయిలు వాసనలా. "సొర చర్మం గుండా మూత్రం పోస్తుంది, అందుకే ఆ కంపు" అని చాలామంది చెబుతారు. అది నిజం కాదు. సొరకి మూత్రపిండాలు ఉన్నాయి. అయితే సముద్రపు ఉప్పు నీళ్లు ఒంట్లోని నీటిని లాగేయకుండా అది తన రక్తంలో, కండలో యూరియాని కావాలనే నిలవ ఉంచుకుంటుంది. చచ్చాక బాక్టీరియా ఆ యూరియాని అమ్మోనియాగా మారుస్తుంది. మన వాళ్లు సొరని ముందు పసుపు నీళ్లలో ఉడకబెట్టి, గరుకు కాగితం లాంటి తోలు ఊడదీసి, కండని గట్టిగా పిండి, పొడిపొడిగా చిదిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లితో వేపుతారు. ఆ పిండడంలో యూరియా చాలావరకు నీళ్లతో పోతుంది. కెమిస్ట్రీ చదవకుండానే చేతికొచ్చిన పరిజ్ఞానం అది, నాకు గొప్పగా అనిపిస్తుంది. ఘాటు మరీ ఎక్కువగా ఉంటే అది నిలవ సొర అని అర్థం, అది కొనకపోవడమే మంచిది.

ఉడకబెట్టినా, పిండినా పోనిది ఒకటుంది. అది పాదరసం.

ఈ విషయం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బాలింత ఇంట్లో పాలు తాగే పసిబిడ్డ ఉంటుంది. బొగ్గు కాల్చిన చోటినుంచి, బంగారం తవ్వే చోట్లనుంచి గాలిలోకి లేచిన పాదరసం చివరికి సముద్రంలో పడుతుంది. అక్కడి బాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తుంది. నాచు దాన్ని పీల్చుకుంటుంది, నాచుని తిన్న చిన్న పురుగులోకి, ఆ పురుగుని తిన్న మెత్తళ్లలోకి, వాటిని తిన్న పెద్ద చేపలోకి, ఆ పెద్ద చేపని తిన్న సొరలోకి చేరుతుంది. ప్రతి మెట్టులోనూ చిక్కబడుతుంది. సొరలు చాలా ఏళ్లు బతుకుతాయి, అన్నేళ్లూ కూడబెట్టుకుంటాయి. ఈ పాదరసం కొవ్వులో ఉండదు, కండలోని మాంసకృత్తులని పట్టుకుని ఉంటుంది. అందుకే తోలు తీసినా, నీళ్లు పారబోసినా, నూనెలో వేపినా కదలదు.

అమెరికా ఆహార, ఔషధ సంస్థ తన మార్కెట్లో కొలిచిన లెక్కల్లో సొర మాంసంలో కిలోకి సగటున 0.98 మిల్లీగ్రాముల పాదరసం ఉంది. కవ్వల జాతి చేపల్లో 0.013, మెత్తళ్ల జాతిలో 0.016. అంటే కవ్వలకీ సొరకీ తేడా డెబ్బై రెట్లకు పైన. అక్కడి సొరలు మన పాల సొర కన్నా చాలా పెద్దవి కాబట్టి ఆ అంకెని ఉన్నదున్నట్టు మన పళ్లెంలోకి తేలేం. చిన్న చేపల్ని తినే చిన్న సొరలో పాదరసం తక్కువే ఉంటుంది. కానీ మార్కెట్లో ముక్కలు కోసి పెట్టిన సొర ఏ సొరో ఎవరు చెప్పగలరు? పెద్ద జాతుల పిల్లల్ని కూడా పాల సొర పేరుతోనే అమ్మేస్తారు. 2004 నుంచి ఆ సంస్థ గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్న పిల్లలు సొరని అసలు తినొద్దని చెబుతోంది. బ్రిటన్‌లోనూ గర్భిణులకి ఇదే సలహా. ఎవరికి పెట్టొద్దని వాళ్లు అంటున్నారో, మనం సరిగ్గా వాళ్లకే వెతికి తెచ్చి పెడుతున్నాం.

మిథైల్ మెర్క్యురీ ఎక్కువ దెబ్బ తీసేది ఎదుగుతున్న మెదడుని. జపాన్‌లోని మినమాటలో 1956లో బయటపడిన విషాదంలో, ఒక ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల ద్వారా జనంలోకి వెళ్లింది. తల్లులకి పెద్దగా జబ్బు కనిపించకపోయినా కడుపులోని బిడ్డలు తీవ్రంగా దెబ్బతిన్నారు. అది ఫ్యాక్టరీ విషం, దాన్ని మన సొర కూరతో సమానం చేయడం తప్పు. అయితే బిడ్డ మెదడు తల్లి కన్నా ఎంత సున్నితమో ప్రపంచానికి అక్కడే తెలిసింది. మాయ ద్వారా వెళ్లినంతగా పాల ద్వారా పాదరసం వెళ్లదు. కాబట్టి రెండు పూటలు సొర తిన్న బాలింత భయపడి పాలు మాన్పించక్కర్లేదు. తల్లిపాల మేలు ముందు ఆ కాస్త లెక్కలోకి రాదు. ఒంట్లో చేరిన మిథైల్ మెర్క్యురీ సగం కావడానికి సుమారు యాభై రోజులు పడుతుంది. అందువల్ల అసలు జాగ్రత్త కడుపుతో ఉన్నప్పుడు, అంతకు కొన్ని నెలల ముందునుంచీ. మన ఊళ్లల్లో మాత్రం అమ్మాయి నెలతప్పగానే "బలానికి" అంటూ సొర మొదలుపెట్టే ఇళ్లు కూడా ఉన్నాయి. అది మానాలి.

చేపలు మానమని మాత్రం నేను అనను. మెదడు ఎదుగుదలకి చేప నూనెలు కావాలి. కవ్వలు, మెత్తళ్లు, కానాగంతలు, రొయ్యలు, చెరువు శీలావతి, బొచ్చె ఉన్నాయి. ధర కూడా సొర కన్నా చాలాసార్లు తక్కువే. పాలు నిజంగా చాలట్లేదేమో అన్న అనుమానం ఉంటే, చూడాల్సింది బిడ్డని. అయిదో రోజు దాటాక రోజుకి ఆరుసార్లకు తగ్గకుండా గుడ్డలు తడుపుతుంటే, రెండు వారాలకి పుట్టినప్పటి బరువుకి తిరిగి వస్తే, పాలు చాలుతున్నట్టే. లేదంటే బిడ్డ రొమ్ము సరిగ్గా పడుతోందో లేదో ఏఎన్‌ఎం చేత చూపించుకోవాలి. థైరాయిడ్, కాన్పులో రక్తం ఎక్కువ పోవడం, మాయ ముక్క లోపల మిగిలిపోవడం లాంటివి కూడా కారణాలు కావచ్చు. వాటికి డాక్టరే కావాలి. సొర కోసం రెండు రోజులు వెతుకుతూ కూర్చుంటే ఆ రెండు రోజులూ పోతాయి. మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించడం వీటన్నిటికన్నా పెద్ద పని.

ఇక క్యాన్సర్ సంగతి. ఇది మా ఇంట్లో జరిగింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మా పెదనాన్నకి పేగు క్యాన్సర్ అని తేలినప్పుడు, కీమో మొదలుకాకముందే ఎవరో తెలిసినాయన ఒక సీసా తెచ్చి ఇచ్చాడు. సొర మెత్తెముకతో, అంటే మృదులాస్థితో చేసిన గుళికలు. "సొరలకి క్యాన్సర్ రాదు, అందుకే ఇది పనిచేస్తుంది" అని చెప్పి చాలా డబ్బు తీసుకున్నాడు. పెదనాన్న రెండు నెలలు వాటితోనే గడిపాడు. ఆ రెండు నెలలు మాకు ఇప్పటికీ మింగుడుపడవు.

సొర ఒంట్లో ఎముక ఉండదు. మన చెవి డొప్పలో, ముక్కు చివర ఉండే మెత్తటి మృదులాస్థితోనే దాని అస్థిపంజరమంతా తయారవుతుంది. ఈ కథ మొదలైన చోట నిజమైన సైన్సే ఉంది. కణితి పెరగాలంటే దానికి కొత్త రక్తనాళాలు కావాలని జూడా ఫోక్‌మన్ అనే వైద్యుడు చెప్పాడు. మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు. అందులో వాటిని అడ్డుకునే పదార్థం ఏదైనా ఉందా అని 1975లో హెన్రీ బ్రెమ్‌తో కలిసి కుందేలు మృదులాస్థితో పరీక్ష చేశాడు, ఉన్నట్టే కనిపించింది. 1983లో యాన్ లీ, రాబర్ట్ లాంగర్ సొర మృదులాస్థిలోంచి తీసిన పదార్థంతో అలాంటి ఫలితమే చూపించారు. ఆ పదార్థాన్ని వాళ్లు కణితి పక్కనే పెట్టి చూశారు. ఎవరికీ తినిపించలేదు.

1992లో విలియం లేన్ అనే ఆయన సొరలకి క్యాన్సర్ రాదంటూ అమెరికాలో పుస్తకం వేశాడు. మరుసటి సంవత్సరం ఒక పెద్ద టీవీ కార్యక్రమంలో ఆ విషయం వచ్చింది. అక్కడినుంచి గుళికల వ్యాపారం ప్రపంచమంతా పాకింది. అసలు ఆ మొదటి మాటే తప్పు. సొరలో కణితిని 1908లోనే నమోదు చేశారు. 2004లో గ్యారీ ఒస్ట్రాండర్ బృందం సొరలు, వాటి చుట్టాలైన టేకు చేపల వంటి మృదులాస్థి చేపల్లో 42 కణితుల్ని లెక్కతేల్చింది. వాటిలో కొన్ని అచ్చమైన క్యాన్సర్లే, మృదులాస్థిలోనే పుట్టినవి కూడా ఉన్నాయి. 2013లో ఆస్ట్రేలియా దక్షిణ తీరంలో ఒక తెల్ల సొర కింది దవడకి అడుగు పొడవు కణితి కనిపించినట్టు ప్రచురించారు. సముద్రంలో జబ్బుపడిన సొరని ఇంకో సొర తినేస్తుంది, లేదా అది అడుగుకి వెళ్లిపోతుంది. కంటపడేవి కొన్నే.

ఒకవేళ సొరలకి క్యాన్సర్ తక్కువే అనుకుందాం. అయినా గుళిక పనిచేయదు. మృదులాస్థిలోని ఆ మాంసకృత్తులు మన కడుపులో పడగానే పప్పు, గుడ్డు అరిగినట్టే అరిగిపోతాయి. కణితి దాకా అవి ఆ రూపంలో వెళ్లవు. నిజమేమిటో తేల్చడానికి రోగుల మీద కూడా పరీక్షించారు. 2005లో రొమ్ము, పేగు క్యాన్సర్ ముదిరిన 83 మందితో చేసిన అధ్యయనంలో మేలు కనిపించలేదు. తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 379 మందికి, మామూలు వైద్యంతో పాటు సొర మృదులాస్థి నుంచి మందుగా తయారుచేసిన ద్రవాన్ని కొందరికి, ఉత్తుత్తి ద్రవాన్ని కొందరికి ఇచ్చారు. ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. మందు తాగినవాళ్లు మధ్యస్థంగా 14.4 నెలలు, తాగనివాళ్లు 15.6 నెలలు బతికారు. లెక్కల ప్రకారం తేడా లేనట్టే. ఆ గుళికలు అమ్మిన అమెరికా కంపెనీ మీద అక్కడి ప్రభుత్వం చర్య తీసుకుంది. కొన్నవాళ్లకి డబ్బు తిరిగి ఇవ్వమని 2004లో కోర్టు చెప్పింది.

డబ్బు తిరిగి రావచ్చు, కాలం రాదు. కెనడా వైద్యులు 1998లో ఒక తొమ్మిదేళ్ల పాప గురించి రాశారు. మెదడులో కణితికి ఆపరేషన్ అయ్యాక, రేడియేషన్, కీమో బదులు తల్లిదండ్రులు సొర మృదులాస్థిని ఎంచుకున్నారు. కణితి మళ్లీ పెరిగి పాప చనిపోయింది. ఆ తల్లిదండ్రుల్ని తప్పుపట్టే మనసు నాకు రాదు. కీమో అంటే భయం, గుళిక అంటే ఆశ. అమ్మేవాడు ఆ రెంటి మధ్యలో నిలబడతాడు. మీ ఇంట్లోకి ఎవరైనా అలాంటి సీసా తెస్తే, వైద్యం చేస్తున్న డాక్టరుకి చూపించకుండా మూత తీయకండి.

మోకాళ్ల నొప్పులకి ఇచ్చే కాండ్రాయిటిన్ బిళ్లల్లోనూ ఒక్కోసారి సొర మృదులాస్థి ఉంటుంది. పశువుల నుంచి, పందుల నుంచి తీసిన రకాలూ ఉన్నాయి. 2006లో 1,583 మందితో అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలో ఈ బిళ్లలు మొత్తం మీద ఉత్తుత్తి బిళ్ల కన్నా చెప్పుకోదగ్గంత మెరుగ్గా పనిచేయలేదు. నొప్పి బాగా ఎక్కువగా ఉన్న కొద్దిమందిలో గ్లూకోసమైన్‌తో కలిపి ఇచ్చినప్పుడు కొంత తేడా కనిపించింది. పెద్ద హాని లేదు, డబ్బు మాత్రం నెలనెలా పోతుంది.

కాలేయం నూనెది వేరే కథ, దీని వెనక గట్టి నిజం ఉంది. సొర కాలేయం చాలా పెద్దది, దాని నిండా నూనె. కొన్ని జాతుల్లో విటమిన్ ఎ దండిగా ఉంటుంది. 1940లో జర్మనీ నార్వేని ఆక్రమించాక అక్కడినుంచి కాడ్ చేప నూనె రావడం ఆగిపోయింది. అప్పట్లో మన డెల్టా కూడా భాగమైన మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం కోళికోడ్‌లోని నూనె ఫ్యాక్టరీలో సొర కాలేయం నూనె తీయించేది. రేచీకటితో, కళ్ల పొరలతో బాధపడే పిల్లలకి ఆ నూనె నిజమైన మందు. పెద్దవాళ్లు ఇప్పటికీ దాని గురించి గొప్పగా చెబుతారంటే కారణం ఉంది.

1947లో విటమిన్ ఎ ని ల్యాబులో తయారుచేయడం సాధ్యమైంది. ఇప్పుడు అంగన్‌వాడీలో పిల్లలకి తొమ్మిదో నెలలో మొదలుపెట్టి, ఆ తర్వాత అయిదేళ్లు వచ్చేదాకా ఆరు నెలలకోసారి పోసే చుక్కలు అవే. కొలిచి ఇచ్చే మందు. సీసాలో కొన్న కాలేయం నూనెలో విటమిన్ ఎంతుందో చెప్పడం కష్టం. విటమిన్ ఎ ఎక్కువైతే కాలేయంలోనే పేరుకుపోతుంది. కడుపుతో ఉన్న మనిషి రోజుకి 10,000 యూనిట్లు దాటి తీసుకుంటే బిడ్డ అవయవాలు ఏర్పడటంలో లోపాలు రావచ్చు. కాబట్టి గర్భిణికి సొర నూనె గుళికలు బలం మందుగా ఇవ్వకూడదు. మునగాకు, తోటకూర, బొప్పాయి, గుడ్డు చాలు. ఆకుకూరల్లో ఉండే కెరోటిన్‌ని ఒళ్లు తనకు కావలసినంత మేరకే విటమిన్‌గా మార్చుకుంటుంది, అందులో ఈ ప్రమాదం లేదు.

ఆ కాలేయంలోనే స్క్వాలీన్ అనే ఇంకో పదార్థం ఉంటుంది. జపాన్ రసాయన శాస్త్రవేత్త మిత్సుమారు సుజిమోతో దాన్ని గుర్తించాడు. ఇప్పుడు దీన్ని రోగనిరోధక శక్తి పెంచే గుళికలుగా అమ్ముతున్నారు. స్క్వాలీన్ మన కాలేయం కూడా రోజూ తయారుచేస్తుంది, మన చర్మపు జిడ్డులోనూ ఉంటుంది. ముఖానికి రాసే క్రీముల్లో వాడే రకం ఇప్పుడు ఆలివ్ నుంచి, చెరకు నుంచి కూడా తీస్తున్నారు. సొరని చంపి గుళిక మింగాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

సొర మనిషిని తింటుందనే భయం గురించి ఎక్కువ రాయను. ప్రపంచం మొత్తం మీద రెచ్చగొట్టకుండా సొరలు మనుషుల్ని కరిచే ఘటనలు ఏడాదికి అరవై, డెబ్బై. చనిపోయేవాళ్లు సగటున ఆరుగురు. మన దేశంలో పాముకాటుతో ఏటా సుమారు 58,000 మంది పోతున్నారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా. వరి కోతలకి వెళ్లే మనిషికి ఏది ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

వేటకి వెళ్లేవాళ్లకి నిజంగా గాయం చేసేది సొర చుట్టం టేకు. వల దులుపుతున్నప్పుడో, మొగ దగ్గర తేట నీళ్లలో నడుస్తున్నప్పుడో దాని తోక ముల్లు గుచ్చుకుంటే నొప్పి ప్రాణం తీస్తుంది. ఆ ముల్లులోని విషం మాంసకృత్తు, వేడికి చెడిపోతుంది. చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, అంటే 45 డిగ్రీలు దాటకుండా, గాయాన్ని అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి చాలా తగ్గుతుంది. తర్వాత ఆస్పత్రికి వెళ్లి ముల్లు ముక్క మిగిలిందేమో చూపించుకుని, ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకోవాలి. పొట్టలోనో ఛాతీలోనో గుచ్చుకుంటే ముల్లు పీకకుండా అలాగే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. బోటులో స్టవ్వు ఉంటుంది, కాబట్టి ఈ ఒక్క సంగతి తెలిస్తే ఒడ్డుకు చేరేదాకా పడే బాధ తగ్గుతుంది.

పాల సొర విషయంలో నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. మెత్తళ్లు వేల గుడ్లు పెట్టే జాతి, వేట తగ్గిస్తే మళ్లీ కోలుకుంటాయి. ఏడాది మోసి నాలుగైదు పిల్లల్ని కనే సొర అలా కోలుకోలేదు. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం పాల సొరని ముప్పు ఉన్న జాతుల్లో చేర్చింది. పిల్లలతో ఉన్న తల్లి సొర వలలో పడితే దాన్నీ, దాని కడుపులోవాటినీ ఒకేసారి పోగొట్టుకుంటాం. సొర మీద బతికే మత్స్యకారుణ్ణి నేను తప్పుపట్టను. వలలో పడింది ఒడ్డుకు తేక ఏం చేస్తాడు. బాలింత పేరుతో దానికి ఎక్కువ ధర కడుతున్నది మనం.

పోయిన ఏడాది మా చెల్లెలు కాన్పుకి పుట్టింటికి వచ్చింది. అమ్మతో ఇవన్నీ మాట్లాడటం తేలిక కాలేదు. "నీకు పెట్టలేదా, నీ కూతురికి ఏమైంది?" అంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఏమీ కాలేదు, రెండు పూటలే తిన్నాను, నా అదృష్టం అది చిన్న సొర అయ్యుండొచ్చు అన్నాను. పాలు పడే రోజుల లెక్క చెప్పాను, గేదె చేపడం గురించి చెప్పాను. గేదె సంగతి దగ్గర అమ్మ కాసేపు ఆలోచించింది. మా అమ్మమ్మ ఇంట్లో, కొత్తవాళ్లు పాకలోకి వస్తే చేపని గేదె ఒకటి ఉండేదట.

మూడో రోజు అమ్మ పిట్టు చేసింది, చెరువు శీలావతితో. ముల్లు తీయడానికి రెండు గంటలు పట్టింది. పరామర్శకి వచ్చినవాళ్లని వసారాలోనే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి పంపేసింది. ఆ రాత్రి రెండింటికి పిల్ల ఏడిస్తే, తనే లేచి చెల్లెలి పక్కలో పడుకోబెట్టి, అది రొమ్ము పట్టేదాకా లైటు వేసుకుని మంచం అంచున కూర్చుంది.